బండి కింద పెండ్లి పీటలు

బంగారుపాళ్యంలో మునస్వాములకు కొదవ లేదు. టీ అంగడి మునస్వామి, మేకల మునస్వామి, పోస్టాఫీసు మునస్వామి, ఇట్లా వీధికొకరు ఉండేవాళ్ళు. మన మునస్వామి లారీ మునస్వామి. లారీ నడుపుతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఊరు అనుకునేది. ఆయన భార్య చంద్రకాంతమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. "లారీ ఈయన్ని మోసింది తక్కువ, ఈయన లారీని మోసింది జాస్తి" అనేది.

ఆమె మాటలో అబద్ధం లేదు. అది ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ. ముగ్గురు యజమానుల చేతుల్లో నలిగి, నాలుగోసారి మునస్వామి వాకిట్లోకి వచ్చి పడింది. చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టను లారీవాళ్ళు కమాను కట్ట అంటారు. కొత్తలో అది విల్లులాగా వంగి ఉంటుంది. ఈ లారీ కమాన్లు మోసి మోసి అప్పడాల కర్రలాగా తిన్నగా అయిపోయాయి. దాంతో బండి నేలను కౌగిలించుకున్నట్టు ఉండేది. ఖాళీగా నిలబెట్టినా లోడు వేసినట్టే కనపడేది. అయినా మునస్వామికి దాని మీద ఎంత ప్రేమంటే, వాన వస్తే ఆరేసిన బట్టలకంటే ముందు బండి అద్దాలు మూసేవాడు.

ఊరి అవతల, వాన పడితే పారే ఇసుక వంక ఒకటి ఉంది. వంకకు ఆవలిపక్క ఆదిమూలం మామిడితోట. ఆ తోట కాయలను రోడ్డు మీదున్న గుజ్జు ఫ్యాక్టరీకి తోలడం ఏటా మునస్వామికి దొరికే పని. పోయిన సీజనులో పైన కొండల్లో వాన పడి వంకలోకి నీళ్ళొచ్చాయి. మునస్వామి లోడుతో దిగాడు. నడి వంకలో లారీ కడుపు ఇసుకకు ఆనింది. ఇక కదలలేదు. నీళ్ళు పెరిగి, వెనక తలుపు ఊడి, తోతాపురి కాయలన్నీ బాతుపిల్లల్లాగా వరసగా తేలిపోయాయి. కింది ఊళ్ళో ఆ వారమంతా ఇంటింటా మామిడికాయ పప్పే. ఆ ఊరివాళ్ళు ఎదురుపడితే, "మునస్వామన్నా, మళ్ళా ఎప్పుడు పంపిస్తావు?" అని మర్యాదగా అడిగేవాళ్ళు.

ఈ కబురు చిత్తూరులో చంద్రకాంతమ్మ అన్న సుందరరాజుకు చేరింది. ఆయనకు అక్కడ బట్టల అంగడి. మల్లెపువ్వు లాంటి పంచె, దాని అంచు మట్టికి తగలకుండా రెండువేళ్ళతో ఎత్తి పట్టుకుని నడుస్తాడు. ఈసారి మామిడి పూత పట్టగానే వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు.

"మునస్వామీ, నా మాట ఇను. ఆ బండిని పాతినుము కింద తూకానికేసేయ్. వచ్చి నా అంగట్లో కూచో. నీడపట్టున ఉంటావు."

"బావా, నాకి నీడ పడదు. జలుబు చేస్తాది" అన్నాడు మునస్వామి.

చంద్రకాంతమ్మ లోపల పోపు పెడుతూ నవ్వాపుకుంది. ఆయన అంగట్లో కూర్చోవడం ఆమె ఒకసారి చూసింది. పండగ రద్దీలో అన్న బతిమాలితే ఒక పూట కూర్చున్నాడు. చీర చూపించేటప్పుడు కుడికాలు తనంతట తానే ఆక్సిలేటరు తొక్కుతూ ఉండేది. ఒకామె రెండు చీరలు ముందేసుకుని ఏది బాగుందని అడిగితే, "రెండూ బాగలేదక్కా. ఎదురంగట్లో మంచియి ఉండాయి, పో" అన్నాడు. ఆ మాట తలచుకుంటే సుందరరాజుకు ఇప్పటికీ చెమట పట్టేది. అయినా చెల్లెలు లారీ వెంట అల్లాడుతోందని ఆయన దిగులు ఆయనది.

బావామరుదుల మాట పెరిగింది. బండిని ఎత్తు చేయిస్తాను, పెద్ద టైర్లు వేస్తాను, వంకను చెప్పుల కాళ్ళతో దాటినట్టు దాటిస్తాను అన్నాడు మునస్వామి. సుందరరాజు పకపకా నవ్వి, "ఈ మాట ఈడ కాదు, కాణిపాకంలో చెప్పు" అన్నాడు.

చంద్రకాంతమ్మ గరిటె చేత్తోనే బయటికి వచ్చేసింది. ఆ సీమలో పోలీసు ముందు అబద్ధమాడేవాళ్ళు కూడా కాణిపాకం వినాయకుడి ముందు నోరు తెరవడానికి జంకుతారు. అక్కడ తడిబట్టలతో నిలబడి అన్న మాట అన్నట్టే జరగాలి. మునస్వామి ఒకసారి బండి వైపు చూసి, "పదండి" అన్నాడు.

ముగ్గురూ బస్సెక్కి కాణిపాకం పోయారు. నెత్తిన నీళ్ళు పోసుకుని వచ్చి మునస్వామి చేతులు కట్టుకున్నాడు. "సామీ, ఈ ఏడు మొదటి లోడు వంక దాటి ఫ్యాక్టరీ గేటు చేరకపోతే, బండి తూకానికేసి బావ అంగట్లో కూచుంటా."

"దాటితే?" అంది చంద్రకాంతమ్మ పక్కనుంచి.

సుందరరాజు ఇది ఊహించలేదు. దేవుడి ముందు వెనక్కి తగ్గలేడు. "దాటితే... దాటితే అంగడి మాట మళ్ళా ఎత్తను సామీ."

"అది సాలదు. బండి కడగల్ల. నీ చేత్తో" అన్నాడు మునస్వామి.

"కడుగుతా!" అన్నాడు సుందరరాజు కోపంగా. పూజారి కూడా అటు తిరిగి నవ్వుకున్నాడు.

చంద్రకాంతమ్మ కూడా చేతులు జోడించింది గానీ ఏం కోరుకోవాలో తోచలేదు. బండి పోతే మొగుడు పొద్దుగుంకేసరికి ఇంట్లో ఉంటాడు. కానీ ఆ ఇంటికి వచ్చేది ఈ మునస్వామేనా, గల్లాపెట్టె పక్కన వాడిపోయిన ఇంకొకడా? "నీకు తెలీనిదేముందిలే" అని వినాయకుడికే వదిలేసి వచ్చేసింది.

మర్నాడే మునస్వామి చిత్తూరు పోయి నాయబ్ రసూల్ షెడ్డు ముందు బండి ఆపాడు. రసూల్ కమాన్లు కట్టడంలో పేరున్న మేస్త్రీ. నోట్లో తమలపాకు, చెవిలో సగం కాల్చిన బీడీ. బండి కిందికి దూరి చాలాసేపు రాలేదు. లోపలినుంచి అయ్యో, అరెరే అని మాత్రం వినిపించింది.

"ఏం రసూలన్నా?"

"ఏముందబ్బా, ఈ బండి నిలబడి ఉండాదని మనం అనుకుంటాం. అది పడుకుని ఉండాదని దానికే తెలుసు" అన్నాడు రసూల్ బయటికి వచ్చి.

రసూల్ చెప్పిన వైద్యం ఇది. మూలపడ్డ బస్సు కమాన్లలోంచి మంచి పట్టీలు ఏరి, కొలిమిలో కాల్చి, వంపు తిప్పి, ఈ కట్టల్లో కలపాలి. మిలిటరీవాళ్ళు పాతవని అమ్మేసిన పెద్ద టైర్లు వేలూరు దగ్గర దొరుకుతాయి, అవి వేయాలి. అప్పటికీ వెనకపక్క ఎత్తు చాలదు. ఇరుసుకూ కమాను కట్టకూ మధ్య దిమ్మెలు పెట్టి, పొడుగు బోల్టులతో బిగించాలి.

"ముందర కూడా పెట్టు దిమ్మెలు" అన్నాడు మునస్వామి ఆశగా.

"ముందర పెడితే స్టీరింగు నీ మాట ఇనదు. ఇంట్లో ఒకరు ఇనకపోతే సాలదా?"

ఇనుప దిమ్మెలు మద్రాసు నుంచి రావాలి. టైర్లు కొనేసరికే మునస్వామి జేబులో బస్సు టికెట్టు తప్ప మిగలలేదు. కట్టెవి పెట్టొచ్చా అని అడిగాడు. రసూల్ బీడీ వెలిగించుకుని ఆలోచించాడు. పచ్చి కట్టె అయితే పగులుతుంది. ఏండ్లకేండ్లు అటక మీద ఎండి, పొగ పట్టి, రాయిలాగా గట్టిపడిన పనస చెక్క అయితే నిలబడుతుంది.

ఆ మాట వినగానే మునస్వామి మనసు ఇంటి అటక మీదికి ఎగిరిపోయింది.

తరువాత కొన్నాళ్ళు చంద్రకాంతమ్మకు మొగుడి వరస అంతు పట్టలేదు. అడగకుండానే నీళ్ళు తోడుతున్నాడు. ఉప్పు మరిచిన చారును కూడా అమృతమంటున్నాడు. ఒకరోజు ఆమె చీర కూడా మడతపెట్టాడు. ఇంత మంచితనం వెనక ఏదో ఒకటి విరిగి ఉండాలని ఆమె ఇంట్లో గిన్నెలన్నీ ఎత్తి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అటక మాత్రం చూడలేదు.

అటక సంగతి గంగులమ్మ వల్ల బయటపడింది. గంగులమ్మ తోటల్లో కాయలు మోసే ఆడవాళ్ళకు పెద్ద. నోరూ పెద్దదే. కూతురి పెండ్లి కుదిరిందని పసుపు, కుంకుమ పట్టుకుని వచ్చింది.

"చంద్రకాంతక్కా, మీ పెండ్లి పీటలు ఇయ్యల్ల. మీ పీటల మీద కూచున్న జంటలు కొట్టుకుంటారు గానీ ఇడిపోరంట."

ఆ వీధిలో అది మామూలే. చంద్రకాంతమ్మ పుట్టింటి నుంచి వచ్చిన ఆ జోడు పనస పీటల మీద ఎంతమంది పెండ్లిండ్లు జరిగాయో. ఆమె సంతోషంగా నిచ్చెన వేసుకుని అటకెక్కింది. పీటలు చుట్టిన పాత పంచె ఉంది, పీటలు లేవు. మునస్వామి అప్పుడే పెరట్లోంచి వచ్చి, నిచ్చెన మీద భార్యను చూసి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడిచాడు.

"ఏమయ్యా, పీటలు యాడ?"

"ఏ పీటలు?"

"సరే, కాణిపాకం బస్సు ఎన్ని గంటలకుండాది?"

మునస్వామి గోడకు చేరగిలబడ్డాడు. "ఈడనే చెప్తాలే. బండి కింద ఉండాయి."

"బండి కింద ఎందుకుండాయి? ఎవురన్నా కూచున్నారా?"

"కమాన్ కూచున్నాది."

గంగులమ్మ పసుపు, కుంకుమ అక్కడే పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పీటలను నిలువునా కోసి, మూడేసి ముక్కలు దొంతర పెట్టి, బోల్టులు వేసి బిగించేశాడు రసూల్. ఎవరి పీటలో తెలిసి ఉంటే కోసేవాడు కాదనీ, తనదే తప్పనీ మునస్వామి చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నానికి వస్తే చంద్రకాంతమ్మ కంచం చేతికిచ్చింది.

"యాడ కూచునేది?"

"కూచునేదానికి పీట యాడిది? నిలబడి తిను."

నిలబడే తిన్నాడు. రాత్రీ నిలబడే తిన్నాడు. ఆ వారమంతా ఆ ఇంట్లో మజ్జిగన్నం కూడా నిలబడే తిన్నాడు. చివరికి ఒక పూట, చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు.

"నా పీట డ్రైవరు పక్క పెట్టించినా. నీది ఎడమ పక్క. పెండ్లిలో ఎట్ల కూచున్నామో అట్లనే."

చంద్రకాంతమ్మ అటు తిరిగి గిన్నెలు సర్దింది. మరుసటి పూట కంచం కింద పెట్టింది. చాప కూడా వేసింది.

కాయలు కోతకొచ్చాయి. మొదటి లోడు రోజు ఊరు సగం వంక దగ్గరే ఉంది. సుందరరాజు గొడుగు వేసుకుని, పంచె ఎత్తి పట్టుకుని, తోటపక్క గట్టు మీద ముందే నిలబడ్డాడు. వంకలో నీళ్ళున్నాయి. లారీ వచ్చింది. దాన్ని చూసి అదే లారీ అని ఎవరూ అనుకోలేదు. గళ్ళు గళ్ళుగా ఉన్న మిలిటరీ టైర్లు, అవి రాసుకోకుండా అంచులు కత్తిరించిన మడ్గార్డులు, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టినట్టు నిలబడిన బండి. నీళ్ళలోకి దిగి, ఇసుకను తొక్కుకుంటూ, కడుపు తడవకుండా గట్టెక్కింది. జనం ఈలలు వేశారు. సుందరరాజు గొడుగు కొంచెం కిందికి దించుకున్నాడు.

మునస్వామి కిందికి దూకాడు. దిగడం కాదు, దూకడమే. అంత ఎత్తు. అప్పుడు కాయలు ఎత్తడం మొదలైంది.

ఆ పని జరిగే తీరు ఇది. బండి వెనక ఒక పలకను ఏటవాలుగా ఆనిస్తారు. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని పలక మీద నడిచి, కాయలను బండిలో ఒరిగించి వస్తారు. ఇప్పుడు అదే పలక ఆనిస్తే గోడకు నిలబెట్టినట్టు నిలబడింది. మొదట ఎక్కినామె మూడు అడుగులు వేసి, నాలుగో అడుగు వేయకుండానే కూర్చున్నపళంగా జర్రున జారి కిందికి వచ్చింది. గంపలో కాయలు ఆమెకంటే ముందే వచ్చాయి. కింద నిలబడి అందిద్దామంటే చేతులు అందలేదు.

మునస్వామి వంక లోతును కర్రతో కొలిచాడు, టైరును దారంతో కొలిచాడు. గంప మోసే మనిషిని కొలవలేదు.

గంగులమ్మ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. "ఏమన్నా మునస్వామన్నా, మాకి రెక్కలు పెట్టించేది మరిస్తివా? రసూలన్న కాడ ఉంటే తెప్పీ."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. సుందరరాజు గొడుగు మళ్ళీ పైకి లేచింది. "దాటాల్సింది లోడు బండి మునస్వామీ. ఖాళీ బండి కాదు. సామి ముందర అన్న మాట గ్యాపకముండాది గదా?"

కొండల మీద మబ్బు పట్టింది. పైన వాన పడితే సాయంత్రానికి వంక నిండుతుంది. ఆదిమూలం కూడా కాయలు ఆగవంటూ ఇంకో లారీ మాట ఎత్తాడు. మునస్వామి బండి చక్రానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ కుడికాలు ఆక్సిలేటరు తొక్కడం మానేసి, మట్టిలో ఊరికే గీతలు గీస్తోంది. అన్నం క్యారియరు పట్టుకుని వచ్చిన చంద్రకాంతమ్మ కళ్ళు ఆ కాలి మీదే నిలిచాయి. చీరల మధ్య, ట్యూబులైటు కింద, ఆ కాలు ఏమవుతుందో ఆమెకు కనపడింది.

ఆమె చుట్టూ చూసింది. తోట అంచున బండ్లబాట ఉంది. ఏండ్లుగా ఎద్దుల బండ్లు తొక్కి తొక్కి ఆ బాట లోతుగా దిగిపోయి, రెండుపక్కలా గట్టు ఎత్తుగా నిలిచింది. పాత లారీ ఆ బాటలోకి దిగితే నడిమి మట్టిదిమ్మకు కడుపు ఆనేది, అందుకే ఆ బాట దానికి పనికొచ్చేది కాదు. చంద్రకాంతమ్మ గట్టు చూసింది, బండిని చూసింది, క్యారియరు కింద పెట్టి గంగులమ్మ దగ్గరికి పోయింది.

"గంగులమ్మా, బండిని ఆ బాటలోకి దించి గట్టుకు ఆనిస్తే, పలక ఎక్కే పని ఉండాదా?"

గంగులమ్మ కళ్ళు చిన్నవి చేసి కొలిచింది. "ల్యా. నట్టింట్లో నడిసినట్టు నడిసి పోసేయొచ్చు. కానీ మేమెందుకు మొయ్యల్ల? మా పిల్ల పెండ్లికి పీటలు ల్యాకుండా చేసినాడు మీ ఆయన."

"ఏం గావల్ల చెప్పు."

"పీటలు ఊడదీసేది కుదరదు గదా. అయితే పెండ్లికొడుకూ పెండ్లికూతురూ ఆ పీటల పైన్నే ఊరేగల్ల. బండి పూలు కట్టుకుని మా వాకిట్లోకి రావల్ల."

"వస్తాది" అంది చంద్రకాంతమ్మ, మొగుణ్ణి అడగకుండానే.

మునస్వామి బండిని వెనక్కి తోలి బాటలోకి దించాడు. లారీ తొట్టి అంచు, గట్టు అంచు కొలిచి చేసినట్టు కలిశాయి. గంగులమ్మ నడుము బిగించింది. ఆడవాళ్ళు తోటలోంచి నేరుగా నడిచి వచ్చి గంపలు ఒరిగించి పోతుంటే, ఎప్పుడూ పొద్దు వాలేదాకా పట్టే లోడు మధ్యాహ్నపు అన్నాల వేళకే నిండింది.

"ఇది లెక్కలోకి రాదు" అన్నాడు సుందరరాజు.

"ఏమన్నా, సామి ముందర నువ్వు గట్టు మాట ఏమన్నా చెప్పినావా?" అంది చెల్లెలు. సుందరరాజు గొడుగు మడిచాడు.

మునస్వామి ఎక్కి బండి స్టార్టు చేశాడు. ఎడమ తలుపు దగ్గర చంద్రకాంతమ్మ నిలబడి ఉంది.

"నువ్వెందుకే? నీళ్ళుండాయి."

"నా పీట యాడుంటే ఆడ్నే నేను" అని ఆమె కాలెత్తింది. కాలు అందలేదు. గంగులమ్మ వెనకనుంచి గంప ఎత్తినట్టు ఎత్తి లోపలికి తోసింది.

లోడు బండి వంకలోకి దిగింది. నీళ్ళు చక్రాల సగానికి వచ్చాయి. నడి వంకలో, పోయినేడు ఆగినచోటే, బండి ఒకపక్కకు ఒరిగింది. కిందనుంచి కిర్రుమని కట్టె ఏడ్చింది. మునస్వామి స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

"నీ పీట అరస్తా ఉండాది" అన్నాడు.

"నాది కాదు, నీదే. నాది ఎప్పుడన్నా అరిసిందా?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కాలు బిగించి తొక్కాడు. మిలిటరీ టైర్లు ఇసుకను చిమ్మి, బండిని పైకి లాగాయి. వెనక జనం కేకలు వాళ్ళకు వినపడలేదు. ఇంజను మోత, ఆయన నవ్వు మాత్రమే వినపడ్డాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర మునస్వామి హారను మూడుసార్లు ఎక్కువ కొట్టాడు.

సుందరరాజు మాట తప్పే మనిషి కాదు. పెండ్లికి ముందురోజు అదే వంకలో, మల్లెపువ్వు పంచె గోచీ పెట్టి, గడ్డి చుట్టతో లారీ కడిగాడు. బానెట్టు దాకా చెయ్యి అందక అవస్థ పడుతుంటే మునస్వామి ఒడ్డున కూర్చుని, "బావా, పలక ఆనించేదా?" అని అడిగాడు. చంద్రకాంతమ్మ అన్నకు జాలిపడి ఒక స్టూలు తెచ్చి ఇచ్చింది. ఆయన దాని మీద ఎక్కి, "మ్మే చంద్రా, ఈడ మసి పోతానే లేదు" అని శ్రద్ధగా రుద్దుతుంటే, ఇంత బాగా కడుగుతాడని తెలిసి ఉంటే ఏటేటా పందెం వేసేవాళ్ళమని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు.

బంతిపూల దండలతో లారీ గంగులమ్మ వాకిట్లోకి పోయింది. పెండ్లికూతుర్ని ఎక్కించడానికి నలుగురు పట్టారు. ఆ తరువాత ఆ చుట్టుపక్కల పెండ్లిండ్లకు అది పీటల లారీ అయిపోయింది. మునస్వామి కూడా పేరు మారి పీటల మునస్వామి అయ్యాడు.

చాలా ఏండ్లకు లారీ నిజంగానే పాతబడి తూకానికి పోయింది. ఆరోజు రసూల్ స్వయంగా వచ్చి, కమాన్ల కింద నుంచి పనస ముక్కలు విప్పాడు. కొన్ని నలిగిపోయాయి. మిగిలినవాటిలో ఏది ఎవరి పీటదో ఆయనకే తెలియలేదు. అన్నీ పక్కపక్కన పేర్చి, అడుగున రెండు అడ్డచెక్కలు కొట్టి, ఒకే పీట చేసి ఇచ్చాడు. బోల్టుల గుర్తులు అట్లాగే ఉన్నాయి. ఇద్దరికీ ఒకటే పీట కావడంతో పూటపూటా తగువే. "నువ్వు నిలబడి తిను, నీకి అలవాటే గదా" అని ఆమె అనేది. ఆయన నిజంగానే లేచి నిలబడేవాడు.

ఇప్పుడు తగువు లేదు. చంద్రకాంతమ్మ అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చాక, పీటను వెంటనే గోడకు ఆనించదు. ఇంకొకరి వంతు ఉన్నట్టు, కాసేపు అట్లాగే నేల మీద వేసి ఉంచుతుంది.